జడ అల్లడం తేలికే, పిండి కలపడమే పని: ఇంట్లో హల్లా రొట్టె

మా అమ్మాయి బడికి వెళ్లే రోజుల్లో పొద్దున్నే దానికి రెండు జడలు వెయ్యడం నా వంతు. రిబ్బన్లతో సహా. ఆ ధైర్యంతోనే మొదటిసారి హల్లా రొట్టె మొదలుపెట్టాను. మూడు పాయలు తీసి అల్లడమేగా, అందులో ఏముంది అనుకున్నాను. అల్లడం నిజంగానే రెండు నిమిషాల్లో అయిపోయింది. ఓవెన్‌లోంచి బయటికి వచ్చింది మాత్రం జడ కాదు. పాయలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఊతప్పంలా పరుచుకున్న ముద్ద. మే నెల, హైదరాబాద్, తలుపులేసిన వంటిల్లు. పిండి జారుగా కలిపాను, పైగా గడియారం చూసుకుంటూ గంటన్నర పొంగనిచ్చాను. జడది ఏ తప్పూ లేదు.

కాబట్టి అల్లిక గురించి టెన్షన్ పడకండి. జడ వెయ్యడం వచ్చినవాళ్లకి అది వచ్చినట్టే, రానివాళ్లకి రెండుసార్లలో వస్తుంది. కిందంతా ఎక్కువగా పిండి గురించే చెప్తాను. ఎప్పుడు గట్టిగా ఉంది, ఎప్పుడు పొంగింది, ఎప్పుడు ఇక ఆపాలి అన్నది చేతికి తెలియాలి.

ఏమిటీ హల్లా

ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూస్తే "చల్లా" అని చదవాలనిపిస్తుంది. మనకి అది ఇంటిపేరు. అసలు పలుకు గొంతులోంచి వస్తుంది, "ఖ"కీ "హ"కీ మధ్యలో. యూదులు శుక్రవారం సాయంత్రం సూర్యుడు అస్తమించే వేళ మొదలయ్యే విశ్రాంతి దినానికి బల్ల మీద పెట్టుకునే రొట్టె ఇది. ఆ రోజున పొయ్యి వెలిగించకూడదు, అందుకే శుక్రవారం పగలే కాల్చి ఉంచుతారు. ఒకటి కాదు, రెండు పెడతారు. బైబిల్లో నిర్గమకాండం చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది: ఎడారిలో మన్నా, అంటే ఆకాశం నుంచి కురిసే ఆహారం, రోజూ ఒక పాలు దొరికేది, ఆరో రోజున మాత్రం రెండు పాళ్లు. బల్ల మీద రెండు రొట్టెలు ఆ రెండు పాళ్లకి గుర్తు.

హల్లా అనే మాట మొదట రొట్టెకి పేరు కాదు. కలిపిన పిండిలోంచి యాజకుడి కోసం తీసిపెట్టే ముద్దకి ఆ పేరు, సంఖ్యాకాండం 15వ అధ్యాయంలో వస్తుంది. ఇప్పటికీ ఎక్కువ పిండి కలిపినప్పుడు చిన్న ముద్ద విడదీసి, తినకుండా బూడిదయ్యేలా కాల్చేస్తారు. మనం కలిపే అరకిలోకి ఆ నియమం వర్తించదు.

జడ ఆకారం మధ్య యూరప్‌లోని యూదుల ఇళ్లలోంచి వచ్చింది. అక్కడి చుట్టుపక్కలవాళ్లు కూడా ఇలాంటి అల్లిక రొట్టెలు చేసుకునేవారు, ఇప్పటికీ చేస్తారు. యూదుల రొట్టెకి ఉన్న తేడా ఏమిటంటే ఇందులో పాలు, వెన్న ఉండవు. మాంసాన్నీ పాలనీ కలిపి తినకూడదన్నది వాళ్ల ఆహార నియమం. శుక్రవారం భోజనంలో మాంసం ఉంటుంది కాబట్టి రొట్టెలో నూనె, గుడ్లు వేస్తారు. వెన్న లేకుండా అంత మెత్తగా రావడమే దీని గొప్ప. ఈ విశ్రాంతి దినం పాటించే తెలుగువాళ్లూ ఉన్నారు. గుంటూరు దగ్గర చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం వాళ్లది.

కావలసినవి

కింది కొలతలతో ఒక్కోటి దాదాపు 450 గ్రాముల పిండితో రొట్టెలు రెండు వస్తాయి. 28, 30 లీటర్ల ఓటీజీలో, అంటే గట్టు మీద పెట్టుకునే కరెంటు ఓవెన్‌లో, రెండూ పక్కపక్కన పడతాయి. అంతకంటే చిన్నదైతే ఒకదాని తర్వాత ఒకటి కాల్చుకోండి, రెండోది ఫ్రిజ్‌లో వేచి ఉంటుంది.

- మైదా 500 గ్రాములు
- గుడ్లు 2 పిండిలోకి, 1 పైన పూతకి
- నీళ్లు, గుడ్లతో కలిపి తూస్తే 280 గ్రాములు అయ్యేటన్ని
- వాసన లేని నూనె 60 గ్రాములు
- పంచదార 50 గ్రాములు
- మెత్తటి ఉప్పు 9 గ్రాములు, అంటే ఒకటిన్నర టీస్పూన్లు
- ఇన్‌స్టంట్ ఈస్ట్ 7 గ్రాములు. ఎండాకాలంలో 4 చాలు
- పైన చల్లడానికి నువ్వులు లేదా గసగసాలు

గుడ్లనీ నీళ్లనీ కలిపి ఎందుకు తూయమన్నానో చెప్తాను. ఒక గుడ్డు చిన్నది, ఇంకోటి పెద్దది ఉంటాయి. రెండు గుడ్లలోనే 15, 20 గ్రాములు తేడా వచ్చేస్తుంది. జడ రొట్టెకి ఆ తేడా చాలు చెడిపోవడానికి. గిన్నెని త్రాసు మీద పెట్టి, గుడ్లు రెండూ కొట్టి వేసి, 280 అంకె వచ్చేదాకా నీళ్లు పొయ్యండి. ఇంట్లో డిజిటల్ త్రాసు లేకపోతే ముందు అది కొనుక్కోండి. కప్పులతో కొలిచే మైదా ఒకసారి 120 గ్రాములు తూగుతుంది, ఇంకోసారి 150 తూగుతుంది. కప్పుల లెక్కతో రొట్టె బాగా వచ్చిందంటే అది అదృష్టం.

మైదా ప్యాకెట్ వెనక ప్రోటీన్ ఎంతో రాసి ఉంటుంది. 100 గ్రాములకి 10 గ్రాములు, ఆపైన ఉన్నది తీసుకోండి. విడిగా అమ్మేది ఎలా ఉంటుందో చెప్పలేం. అమెరికాలో ఉన్నవాళ్లకి బ్రెడ్ ఫ్లోర్ దొరుకుతుంది, అందులో ప్రోటీన్ 12 శాతం పైన ఉంటుంది, నీళ్లు ఇంకో 15, 20 గ్రాములు పీలుస్తుంది. గోధుమపిండితో చెయ్యొచ్చా అని అందరూ అడుగుతారు. మూడో వంతు దాకా కలపొచ్చు. పూర్తిగా గోధుమపిండి అయితే పొట్టు సాగే పొరల్ని తెంపేస్తుంది, రొట్టె బరువుగా వస్తుంది. దాంతో చపాతీలు చేసుకోవడమే మేలు.

నూనె సన్‌ఫ్లవర్‌ది వాడండి. నువ్వుల నూనె వేస్తే ఆవకాయ జాడీ మూత తీసినట్టు ఉంటుంది. పంచదార ఇంతకంటే పెంచకండి. ఎక్కువైతే అది నీటిని తనవైపు లాక్కుంటుంది, ఈస్ట్‌కి అందదు, పిండి పొంగడానికి బద్ధకిస్తుంది.

గసగసాల గురించి ఒక మాట. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు వాటి జోలికి వెళ్లకండి. యూఏఈలో, సౌదీలో వాటిమీద నిషేధం ఉంది, ఊరినుంచి పొట్లం కట్టుకుని తీసుకెళ్లడం కూడా తప్పే. నువ్వులతో రొట్టె ఏమీ తక్కువ కాదు.

పిండి కలపడం

పెద్ద గిన్నెలో మైదా, పంచదార, ఈస్ట్ వేసి కలపండి. గుడ్లూ నీళ్లూ ఉన్న గిన్నెని ఒకసారి గిలకొట్టి అందులో పొయ్యండి. నీళ్లు చలికాలంలో గోరువెచ్చగా, ఎండాకాలంలో ఫ్రిజ్‌లోవి. వేడి నీళ్లు పోస్తే త్వరగా పొంగుతుందనుకుంటారు కానీ 55, 60 డిగ్రీల దగ్గర ఈస్ట్ చచ్చిపోతుంది. వేలు పెట్టి చూస్తే చురుక్కుమనకూడదు, అంతే లెక్క. మీ దగ్గర ఉన్నది ఇన్‌స్టంట్ కాకుండా గుండ్రటి పూసల్లా ఉండే యాక్టివ్ డ్రై ఈస్ట్ అయితే, నీళ్లు కొన్ని గోరువెచ్చగా చేసి, చిటికెడు పంచదారతో పది నిమిషాలు నానబెట్టండి. పైన నురగ తేలాలి. తేలకపోతే అది పాతదైపోయింది, పారెయ్యండి. దాన్ని బతిమాలి ప్రయోజనం లేదు.

పొడిపిండి కనిపించకుండా గరుకు ముద్దగా కలిపి, మూత పెట్టి 20 నిమిషాలు వదిలెయ్యండి. ఇంకా ఉప్పూ నూనే వెయ్యలేదు, మర్చిపోలేదు. ఈ 20 నిమిషాల్లో మైదా నీళ్లు పీల్చుకుని తనంతట తనే సాగే గుణం తెచ్చుకుంటుంది. మీ చేతులకి సగం పని తప్పుతుంది.

తర్వాత ఉప్పు చల్లి, నూనె మూడు విడతలుగా వేస్తూ పిసకండి. మొదటి రెండు నిమిషాలు పిండి ముక్కలు ముక్కలై, గట్టు మీద జారిపోతూ, చేయకూడనిదేదో చేశామనిపిస్తుంది. అందరికీ అలాగే అవుతుంది. పిసుకుతూ ఉండండి, నూనెని లోపలికి తీసుకుని మళ్లీ ఒక ముద్దవుతుంది. అరచేతి మడమతో ముందుకి తోసి, మడిచి, పావు వంతు తిప్పి మళ్లీ తొయ్యడం. పది పన్నెండు నిమిషాలు పడుతుంది. మధ్యలో చెయ్యి నొప్పెడితే మూతపెట్టి ఐదు నిమిషాలు కాఫీ తాగి రండి, పిండికీ మంచిదే.

ఇక్కడే చాలామంది పొడిపిండి చల్లేస్తారు, లేదా నీళ్లు చిలకరిస్తారు. రెండూ ఆపుకోండి. హల్లా పిండి మామూలు బ్రెడ్ పిండికంటే గట్టిగా ఉండాలి. మెత్తటి చపాతీ పిండిని తలుచుకోండి, దానికి బొబ్బట్ల పిండికి ఉండే సాగుడు గుణం తోడైతే ఇది. పట్టుకుంటే చేతికి అంటకూడదు, బొటనవేలితో నొక్కితే గుంట మెల్లగా పైకి లేవాలి. జారుగా ఉన్న పిండితో చేసిన రొట్టె మెత్తగా వస్తుందన్నమాట డబ్బాలో పోసి కాల్చే బ్రెడ్‌కి నిజం, ఎందుకంటే డబ్బా దాన్ని నిలబెడుతుంది. జడని నిలబెట్టేది జడే. మెత్తదనం గుడ్ల నుంచీ నూనె నుంచీ వస్తుంది, బాగా పిసకడం నుంచి వస్తుంది.

చాలా, ఇంకా పిసకాలా అన్న సందేహానికి ఒక పరీక్ష ఉంది. నిమ్మకాయంత ముద్ద తీసి రెండు చేతుల వేళ్లతో మెల్లగా సాగదియ్యండి. చిరగకుండా పల్చటి పొరై, దాంట్లోంచి కిటికీ వెలుతురు కనిపించాలి. ఆత్రేయపురం పూతరేకంత పల్చన కాకపోయినా దాని చెల్లెలులా ఉండాలి. వెంటనే తెగిపోతే ఇంకో నాలుగు నిమిషాలు.

మొదటి పొంగు

గిన్నెకి నూనె రాసి ముద్దని అందులో పెట్టి, మూత లేదా తడిగుడ్డ కప్పండి. రెట్టింపు కావాలి. ఎంతసేపు అంటే, ఇడ్లీ పిండి ఎంతసేపట్లో పొంగుతుంది అని అడిగినట్టే. మీ ఇంట్లో ఏప్రిల్‌లో ఒక లెక్క, డిసెంబర్‌లో ఒక లెక్క. ఎండాకాలం హైదరాబాద్‌లో, విజయవాడలో 45 నిమిషాలకే తయారైపోతుంది. చలికాలంలో రెండు గంటలు పట్టొచ్చు. నేను చేసే పని, నిలువుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో పిండి వేసి, బయట ఎంతవరకు ఉందో రబ్బరు బ్యాండ్ పెట్టడం. రెట్టింపయ్యిందో లేదో కళ్లతో కనిపిస్తుంది, ఊహించక్కర్లేదు.

వేలికి పిండి అద్దుకుని రెండు కణుపుల లోతు పొడవండి. గుంట అలాగే ఉండిపోతే అయింది. మూసుకుపోతే ఇంకాసేపు. ముద్ద మొత్తం ఉస్సురని కూలిపోతే ఎక్కువైంది. అలాంటప్పుడు గాలి తీసి, మళ్లీ ఉండలా చుట్టి, ముప్పై నలభై నిమిషాలు ఇంకోసారి పొంగనివ్వండి, చాలావరకు కోలుకుంటుంది.

టైమ్ ఉంటే నా సలహా వేరు. పిసికిన పిండిని అరగంట బయట ఉంచి, తర్వాత మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లదనంలో ఈస్ట్ నెమ్మదిగా పనిచేస్తుంది, రుచి బాగా దిగుతుంది. పైగా చల్లటి పిండితో పాయలు చెయ్యడం చాలా సుఖం, చేతికి అంటదు. మన వేసవిలో ఇది సలహా కూడా కాదు, ఇంకో దారి లేదు.

పాయలు తీయడం

పిండిని గట్టు మీద వేసి గాలి పోయేలా మెల్లగా నొక్కండి. తూచి ఆరు సమాన భాగాలు చెయ్యండి, ఒక్కోటి 150 గ్రాములు వస్తుంది. కంటితో కొలిస్తే ఒక పాయ లావు, ఒక పాయ సన్నం వస్తుంది. అలాంటి జడతో బడికి పంపితే మా అమ్మాయి ఊరుకునేది కాదు.

ఒక్కో ముక్కని ముందు చిన్న చపాతీలా ఒత్తి, చాప చుట్టినట్టు గట్టిగా చుట్టి, అంచు నొక్కి మూసెయ్యండి. ఇలా చేస్తే లోపల పెద్ద గాలి బుడగలు మిగలవు. ఆరింటినీ గుడ్డ కింద పది నిమిషాలు ఉంచండి. ఈ పది నిమిషాలు తప్పించుకుందామని చూడకండి. బొబ్బట్ల పిండిని నూనెలో గంటలకొద్దీ ఎందుకు నానబెడతాం? అప్పుడే పిసికిన పిండి బిగుసుకుని ఉంటుంది, లాగితే వెనక్కి పోతుంది. ఇదీ అంతే.

తర్వాత రెండు అరచేతులూ మధ్యలో పెట్టి, ముందుకీ వెనక్కీ దొర్లిస్తూ, చేతులు అంచులవైపు జరుపుతూ 35 సెంటీమీటర్ల పాయ చెయ్యండి. మధ్యలో లావుగా, చివర్లు సన్నగా. గట్టు మీద పిండి చల్లకండి, పాయ దొర్లకుండా జారుతుంది, సాగదు. మరీ జారుతుంటే గట్టుని తడిగుడ్డతో ఒకసారి తుడవండి. పిండి మాట వినకుండా చిన్నదైపోతుంటే దాన్ని పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి. ఆరూ సగం సాగదీశాక మొదటిదాని దగ్గరికి వస్తే ఈలోపు అది మెత్తబడి ఉంటుంది. బలవంతం చేస్తే పాయ మీద చర్మం చిరిగినట్టు గీతలు పడతాయి, కాల్చాక అవే పెద్ద పగుళ్లవుతాయి.

ఆరు పాయలూ తయారయ్యాక, ఇప్పుడు మాత్రం వాటిమీద చిటికెడు పొడిపిండి రాయండి. పొంగేటప్పుడు పాయలు ఒకదానికొకటి అతుక్కుని కలిసిపోకుండా, గీతలు విడిగా కనపడటానికి.

అల్లిక

మూడు పాయల్ని పక్కపక్కన నిలువుగా పెట్టండి. పైనుంచి మొదలుపెట్టొచ్చు కానీ మధ్యలోంచి మొదలుపెడితే రెండు చివరలూ ఒకేలా వస్తాయి. మధ్యనుంచి మీవైపుకి కుడి పాయని మధ్యకి, ఎడమ పాయని మధ్యకి, మళ్లీ కుడిది, మళ్లీ ఎడమది. చివరికి వచ్చాక కొసలు నొక్కి కిందికి మడవండి. ఇప్పుడు మొత్తాన్ని వెల్లకిలా తిప్పి, అల్లని సగాన్ని మీవైపుకి తెచ్చుకుని అదే పని చెయ్యండి.

అలవాటైన చేతులకి ఒక హెచ్చరిక. జుట్టు జడ బిగించి వేస్తాం, లేకపోతే మధ్యాహ్నానికి ఊడిపోతుంది. రొట్టె జడ వదులుగా వెయ్యాలి. పాయల మధ్య వేలు దూరేంత సందు కనిపించినా ఫరవాలేదు, అది పొంగి నింపుకుంటుంది. బిగిస్తే పొంగడానికి చోటు లేక ఓవెన్‌లో పక్కనుంచి పగులుతుంది.

మూడు పాయలతో చెయ్యి తిరిగాక ఎక్కువ పాయలు ప్రయత్నించొచ్చు. నాలుగు పాయలకి సూత్రం చిన్నదే: కుడి చివరి పాయని తీసుకుని పక్కదాని మీదుగా, తర్వాతదాని కిందుగా, ఆఖరిదాని మీదుగా ఎడమకి వెయ్యండి. మళ్లీ కుడి చివర ఉన్నదాన్ని తీసుకోండి, అదే వరస, ఎప్పుడూ కుడినుంచే. ఆరు పాయలకి రెండిటి మీదుగా, ఒకదాని కిందుగా, రెండిటి మీదుగా. ఆరు పాయల హల్లా ఎత్తుగా, గోపురంలా నిలబడుతుంది, చూడటానికి బాగుంటుంది. రుచిలో తేడా ఏమీ లేదు. మధ్యలో ఫోన్ మోగితే తీయకండి, ఎక్కడున్నారో మర్చిపోతారు.

యూదుల కొత్త సంవత్సరం సెప్టెంబర్, అక్టోబర్ ప్రాంతాల్లో వస్తుంది. దానికి జడ కాకుండా ఒకే పొడుగు పాయని చక్కిలంలా గుండ్రంగా చుట్టి, పిండిలో కిస్‌మిస్ కూడా వేసి చేస్తారు, తేనెతో తింటారు. అల్లడం అస్సలు వద్దనుకునేవాళ్లకి అదొక దారి.

రెండో పొంగు, పూత

బటర్ పేపర్ వేసిన ట్రేలో రెండు జడలనీ నాలుగు వేళ్ల ఎడంతో పెట్టండి. మూడో గుడ్డుని చిటికెడు ఉప్పు, చెంచా నీళ్లతో బాగా గిలకొట్టండి. ఉప్పు వేస్తే గుడ్డు పల్చబడి బ్రష్‌కి సమంగా వస్తుంది. ఇప్పుడే ఒక పూత రాసెయ్యండి, మిగతాది ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఈ మొదటి పూత వల్ల పైన ఆరిపోదు, గుడ్డ కప్పనక్కర్లేదు.

వేడిని బట్టి 30 నిమిషాల నుంచి గంట దాకా పడుతుంది. ఇక్కడ రెట్టింపు కానివ్వకండి. ఒకటిన్నర రెట్లు, ఇంకొంచెం పైన, అక్కడ ఆగాలి. పక్కనుంచి వేలితో మెల్లగా నొక్కితే గుంట నిదానంగా సగం దాకా తిరిగిరావాలి. టక్కున లేస్తే ఇంకా కాలేదు. ఇలాంటిది ఓవెన్‌లో పెడితే పాయల మధ్య తెల్లటి పగుళ్లు వస్తాయి. గుంట అస్సలు లేవకపోతే ఆలస్యమైంది, జడ గీతలు చదునైపోతాయి, నా మొదటి రొట్టెకి జరిగింది అదే. కాస్త ముందే ఓవెన్‌లో పెట్టి పగుళ్లు తెచ్చుకోవడం నయం, పగుళ్ల రొట్టె తినడానికి బాగానే ఉంటుంది.

ఓవెన్‌ని పది పదిహేను నిమిషాలు ముందే వేడి చెయ్యాలి కాబట్టి ఈ టైమ్ లెక్క చూసుకోండి. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే జడల్ని ట్రేతో సహా ఫ్రిజ్‌లోకి తోసెయ్యండి. ఒక గంట ఓపిక పడతాయి.

ఓవెన్‌లో పెట్టేముందు రెండో పూత. పాయల సందుల్లోకి కూడా బ్రష్ పోనివ్వండి, కానీ అక్కడ గుడ్డు నిలవ ఉండకూడదు, ఆమ్లెట్ ముక్కలా కాలుతుంది. పైన నువ్వులో గసగసాలో చల్లండి. కొందరు ఒక పాయ మీద నువ్వులు, ఒక పాయ మీద గసగసాలు వచ్చేలా అల్లేముందే దొర్లిస్తారు. ఓపిక ఉన్నవాళ్లకి.

కాల్చడం

180 డిగ్రీలు, ఫ్యాన్ నడిచే ఓవెన్ అయితే 170. ఫారెన్‌హీట్‌లో చూసేవాళ్లకి 350. మధ్య అర, పైనా కిందా రెండు రాడ్లూ. 25 నుంచి 30 నిమిషాలు. గుడ్డు, పంచదార ఉన్న పిండి త్వరగా రంగు తిరుగుతుంది, చిన్న ఓటీజీలో పై రాడ్ దగ్గరగా ఉంటుంది కాబట్టి ఇంకా త్వరగా. 15 నిమిషాలప్పుడు చూసి, తేనె రంగు దాటుతుంటే అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పి, ట్రేని అటుది ఇటు తిప్పండి. అంతకుముందు తలుపు తెరవకండి.

రంగు చూసి ఉడికిందనుకుని తీసేయడం ఇంకో మామూలు పొరపాటు. పైన బంగారం, లోపల పచ్చిముద్ద. రొట్టెని ఎత్తి అడుగున తడితే డొల్లగా చప్పుడు రావాలి. ప్రోబ్ థర్మామీటర్ ఉంటే లావుగా ఉన్నచోట గుచ్చండి, 88 నుంచి 90 డిగ్రీలు చూపించాలి. దీనికి మించిన పరీక్ష లేదు.

మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ ఉంటే కింది స్టాండ్ మీద 170లో పెట్టి ఇలాగే చెయ్యొచ్చు, ఒక్కోసారి ఒక రొట్టె. ఓవెనే లేకపోతే మందపాటి కడాయిలో స్టాండ్ పెట్టి, మూత వేసి, సన్నటి మంట మీద 40, 45 నిమిషాలు. లోపల మెత్తగానే వస్తుంది కానీ పైనుంచి వేడి తగలదు, రంగూ మెరుపూ రావు. పాలిపోయిన జడ ఫోటోకి పనికిరాదు, టీలోకి పనికొస్తుంది.

తీసిన వెంటనే జాలీ మీదకి మార్చండి, ట్రేలోనే వదిలితే అడుగు చెమ్మగిల్లుతుంది. గంటసేపు కొయ్యకండి. వేడిగా కోస్తే లోపల జిగటగా ఉండి ఉడకలేదనిపిస్తుంది. అసలు దీన్ని కత్తితో కోయడంకంటే పాయలు పట్టుకుని తుంచుకోవడం బాగుంటుంది, పత్తిలా పొరలు పొరలుగా ఊడివస్తుంది. యూదుల ఇళ్లలో మొదటి ముక్కని ఉప్పు అద్దుకుని తింటారు. ఒకసారి అలా తిని చూడండి.

గుడ్డు తినని ఇళ్లకి

గుడ్డు తీసేసి హల్లా చెయ్యడం గురించి నన్ను అడగొద్దు. దానికి బదులు స్విట్జర్లాండ్ వాళ్ల త్సోఫ్ చేసుకోండి. త్సోఫ్ అంటే జర్మన్‌లో జడే. అక్కడ ఆదివారం పొద్దున టిఫిన్‌కి వెన్న, తేనె, జామ్‌తో తినే రొట్టె ఇది, దీని పిండిలో గుడ్డు అవసరం లేదు. 500 గ్రాముల మైదాకి 280 గ్రాముల పాలు, 60 గ్రాముల మెత్తటి వెన్న, 9 గ్రాముల ఉప్పు, ఒక చెంచా పంచదార, 7 గ్రాముల ఈస్ట్. కలిపే పద్ధతి, పొంగు, అల్లిక అన్నీ పైన చెప్పినట్టే, నూనె వేసే చోట వెన్న. వాళ్లు పైన గుడ్డు సొన రాస్తారు, మీరు చిక్కటి పాలు రెండుసార్లు రాయండి. అంత మెరవదు. తీసిన వెంటనే కాస్త వెన్న రాస్తే ఆ లోటు కొంత తీరుతుంది.

మిగిలితే

మన వాతావరణంలో రెండో రోజు దాకా బాగుంటుంది, వానాకాలంలో అప్పటికే బూజు మీద కన్నేసి ఉంచాలి. పాడవుతుందని ఫ్రిజ్‌లో పెట్టకండి, ఆ చల్లదనంలో రొట్టె బయటికంటే త్వరగా గట్టిపడుతుంది. ముక్కలు కోసి, కవర్‌లో గాలి తీసి ఫ్రీజర్‌లో పెట్టండి, కావలసినప్పుడు నేరుగా పెనం మీద వేసుకోవచ్చు.

గట్టిపడిన ముక్కలకి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి దారి చెప్పనక్కర్లేదు. నెయ్యిలో ఎర్రగా వేయించి, యాలకులు, కుంకుమపువ్వు వేసిన పాకంలో ముంచి, పైన చిక్కటి పాలు పొయ్యండి. డబల్ కా మీఠాకి బజారు బ్రెడ్‌కంటే ఇది బాగా కుదురుతుంది, గుడ్డు ఉంది కాబట్టి పాకంలో నానినా చెదరదు. పాకంలో పంచదార మాత్రం కాస్త తగ్గించండి, రొట్టెలో ఇప్పటికే 50 గ్రాములు వేశాం.